పటాన్‌చెరులో పారే పొడి, ఆగే పొడి

మా తమ్ముడు సత్యం పటాన్‌చెరులో ఏం ఉద్యోగం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే మా అమ్మ "ఫ్యాక్టరీలో" అని ఊరుకునేది. ఇంకా తరచి అడిగితే "పొడులు కొలుస్తాడట" అని గొంతు తగ్గించి చెప్పేది. పొడులు కొలవడానికి బీయస్సీ దాకా చదవాలా అని మా వీధిలో ఒకావిడ అననే అంది. నాకు ఒళ్లు మండింది గాని, తిరిగి ఏమనాలో నాకూ తెలియదు. నేను చెప్పేది రెండో తరగతి పిల్లలకి ఎక్కాలు. అందుకని ఆ ఏడు దసరా సెలవులకి బడి మూయగానే, నేనే వెళ్లి చూసి వద్దామని పాలకొల్లులో రైలెక్కాను. ఇది డెబ్భైల్లో మాట. ఆ రోడ్డు మీద బస్సులో పోతూ రేకుల షెడ్లు చూసి తల తిప్పుకునేవాళ్ల కోసం, వాటి లోపల ఏముందో రాస్తున్నాను.

బొంబాయి రోడ్డు

హైదరాబాదులో రైలు దిగి బస్సెక్కాను. ఊరు దాటగానే బండలు మొదలయ్యాయి. మావైపు నేల చాప పరిచినట్టుంటుంది. ఎటు చూసినా వరీ, కాలవా. ఇక్కడ బండ మీద బండ, దాని మీద ఇంకో బండ, ఎవరో పని మధ్యలో వదిలేసి వెళ్లినట్టు నిలబడి ఉన్నాయి. మధ్యమధ్య జొన్న చేలు, ఆ చేల మధ్య కొత్తగా లేచిన పొగగొట్టాలు.

తమ్ముడికని తెచ్చిన గోంగూర పచ్చడి జాడీ మూత వదులై, నూనె నా సంచీలోంచి కారి పక్కన కూర్చున్న పెద్దాయన పంచె దాకా పాకింది. నేను సిగ్గుతో చితికిపోతుంటే ఆయన పంచె కొస ఎత్తి వాసన చూసుకున్నాడు.

"మంచిగనే పెట్టినట్టున్నవమ్మా. ఇంత రొట్టె ఉంటే ఈడ్నే తిందుము" అన్నాడు.

బస్సంతా నవ్వింది. మావైపు అయితే ఈపాటికి పెద్ద పంచాయితీ అయ్యేది. ఆయన దిగేటప్పుడు కూడా పంచె సంగతి ఎత్తలేదు, పచ్చడిలో వెల్లుల్లి ఎంత వేస్తారని అడిగి వెళ్లాడు.

పటాన్‌చెరు బస్టాండులో సత్యం నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. కనుబొమల మీద తెల్లటి పొడి అలాగే ఉంది. ఎదురుగా హోటల్లో చాయ్ తాగాం. పావలా పెడితే ఇచ్చింది నాలుగు గుక్కలు. అదేమిటని అడిగితే, ఇక్కడ చాయ్ కడుపు నిండడానికి కాదక్కా, మాట్లాడుకోవడానికి తాగుతారు అన్నాడు. వాడి కిరాయి గది చుట్టుపక్కల అంతా మా జిల్లాల వాళ్లే. పెద్ద గవర్నమెంటు ప్లాంట్లలో పనిచేసే వాళ్లు. సాయంత్రానికల్లా నలుగురు ఆడవాళ్లు వచ్చి, పచ్చడి రుచి చూసి, సగం జాడీ ఖాళీ చేసి పోయారు.

పొడుల గది

ఆయుధ పూజ రోజున ఫ్యాక్టరీలోకి ఇంటివాళ్లను కూడా రానిస్తారు. అది బట్టలుతికే సబ్బుపొడి తయారుచేసే ఫ్యాక్టరీ. పూజకి ముందు సత్యం నన్ను తన గదికి తీసుకెళ్లాడు. చిన్న గది. గోడలనిండా అరలు, అరలనిండా గాజు సీసాలు, సీసాలనిండా పొడులు. అన్నీ తెలుపే. ఏది ఉప్పో, ఏది సోడానో, ఏది సున్నమో నాకు తెలిస్తే ఒట్టు.

"ఇదే నా పనక్కా. చూడు" అని, ఒక గరాటుని ఇనుప కడ్డీకి బిగించి, దాని కింద నున్నటి పళ్లెం పెట్టాడు. గరాటులోంచి సోడా వదిలాడు. సన్నటి ధారగా పడి చిన్న గుట్ట లేచింది. లేచి, లేచి, ఒకచోట ఆగింది. పైన ఇంకా పడుతూనే ఉంది గాని గుట్ట మొనదేరడం లేదు. గింజలు పక్కలకి జారిపోతున్నాయి.

"ఇంక ఎంత పోసినా పెరుగుతుంది గాని, ఈ వాలు మాత్రం మారదు" అన్నాడు.

నేను నమ్మలేదు. గరాటు నా చేతికిచ్చాడు. పిడికెడు పోశాను, ఇంకో పిడికెడు పోశాను. గుట్ట పెద్దదైంది. వాలు అదే. వాడు కోణమానిని పెట్టి చూపించాడు, ముప్పై డిగ్రీలు దాటలేదు. తర్వాత ఇంకో సీసాలోంచి మెత్తటి పొడి పోశాడు. అది గోడలా నిటారుగా లేచి, విరిగి, మళ్లీ నిటారుగా లేచింది. దానిదీ ఒక వాలేనట. ప్రతి పొడికీ తనదంటూ ఒక వాలు ఉందట. ఇన్నేళ్లుగా చేటలో పిండి పోసుకుంటూ, చేటంత కళ్లతో చూస్తూ, ఈ సంగతి నాకు ఎందుకు కనపడలేదో! ఆ ఆశ్చర్యంలో ముక్కులోకి పొడి పోయి, ఒక్క తుమ్ము తుమ్మాను. గుట్ట ఎగిరిపోయింది. సత్యం కళ్లజోడు తెల్లబడింది.

"పొడులకి నేను రాసే తరగతుల్లో తుమ్ముకి ఎగిరేది లేదక్కా ఇంకా" అన్నాడు, కళ్లజోడు తుడుచుకుంటూ.

ఇంకా చాలా చూపించాడు. లీటరు డబ్బా నిండా పొడి పోసి తూకం వేశాడు. అదే డబ్బాని బల్ల మీద టకటకా తడితే పొడి మూడు వేళ్లు కిందికి దిగింది. మళ్లీ నింపి తూస్తే బరువు పెరిగింది. డబ్బా అదే, పొడీ అదే. ఒకదాని మీద ఒకటి దొంతరగా పెట్టిన జల్లెళ్లలో పోసి కుదిపితే, గింజలన్నీ పెద్దవి పైన, చిన్నవి కింద, ఎవరి అంతస్తులో వాళ్లు సర్దుకున్నాయి. ఇవన్నీ చూశాక వాడు ఆ పొడికి ఒక తరగతి రాస్తాడు. గోడ మీద నల్లబల్ల ఉంది. దాని మీద వాడే పెట్టిన పేర్లు నాలుగు: పారేది, జారేది, ఆగేది, అంటేది. ఒక్కోదాని కింద సుద్దతో పొడుల పేర్లు. 'పారేది' కింద మొదట ఉన్నది సోడా.

"ఇదంతా ఎందుకురా?" అన్నాను.

"హాపర్ కోసం" అని కిటికీలోంచి చూపించాడు. బయట షెడ్డులో మేడంత ఇనుప తొట్టి. పైన వెడల్పు, కింద గరాటులా సన్నం. పైనుంచి పొడి పోసి, కింద తలుపు తీస్తే కలిపే యంత్రంలో పడాలి. "ఆగే పొడిని పారేదని రాశాననుకో. కింద తలుపు తీసినా రాదు. లోపల కమాను కట్టి కూర్చుంటుంది. పైన చూస్తే నిండుగా ఉంటుంది, కింద డొల్ల."

"అప్పుడు?"

"అప్పుడు మల్లన్న అని మా షెడ్డులో పనిచేసే ఆయన నడుముకి తాడు కట్టుకుని పైనుంచి లోపలికి దిగాలి. గడ్డపారతో పొడవాలి. కాళ్ల కిందది ఒక్కసారి కూలిందంటే మనిషిని లోపలికి లాగేస్తుంది."

గడ్డపార అంటే మా గునపమే. వాడి నోట ఆ మాట కొత్తగా వినిపించింది. వాడి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదనీ, ఈ నెలాఖరున మేనేజరు గారు సంతకం పెట్టాలనీ కూడా అప్పుడే చెప్పాడు.

పూజకి షెడ్డులోకి వెళ్లాం. సుత్తులకీ, పానాలకీ, కలిపే యంత్రానికీ బంతిపూలు. హాపర్ మెడలో పెద్ద దండ. నన్ను ఇనుప మెట్ల మీదుగా పైకి ఎక్కించారు. తొంగి చూస్తే అంచుదాకా సోడా. తెల్లగా, నున్నగా, కదలకుండా, ఎండలో కళ్లు మిరుమిట్లు గొలిపేలా. అంత పొడి ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. నీళ్లలా అంచుదాకా నిండింది గాని నీళ్లు కాదు, రాయిలా బరువుంది గాని రాయి కాదు. మామూలుగా సెలవుకి ముందు హాపర్ ఖాళీ చేస్తారట. కాని పూజనాడు ఖాళీ పాత్రకి బొట్టు పెట్టడం అశుభమని, ఆ ఒక్కరోజు పొద్దున్నే అంచుదాకా నింపుతారట. ఈ కంపెనీవాళ్ల పాత ఫ్యాక్టరీలో ఉప్పుకి అలా చేసేవారు, ఇక్కడ సోడాకీ ఈ ఏడాదే మొదలుపెట్టారు. పసుపూ కుంకుమా పెట్టింది నేనే. "గాదె నిండినట్టుంది" అని కూడా అన్నాను. మేనేజరు గారు సంతోషంగా కొబ్బరికాయ కొట్టారు.

లక్డారం

దసరా రోజు భోజనానికి మల్లయ్య పిలిచాడు, తమ్ముడు మల్లన్న అనేది అతన్నే. పటాన్‌చెరుకి దగ్గరే వాళ్ల ఊరు లక్డారం. పొలం కొంత ఉంది, ఫ్యాక్టరీ పనీ ఉంది. నలభై దాటిన మనిషి, సన్నగా, ఊచలా ఉంటాడు. హాపర్‌లోకి దిగడానికి అదే అర్హత అని అతనే నవ్వుతూ చెప్పాడు.

బగారన్నం, మేకమాంసం కూర, గారెలు. నాకు కారం నషాళానికి అంటి కళ్లనీళ్లు పెట్టుకుంటే మల్లయ్య భార్య సాయమ్మ పెరుగు పోసి, "జెర నిమ్మలంగ తినక్కా, ఎవ్వలు గుంజుకపోరు" అంది. బతుకమ్మకి చేసిన నువ్వుల పొడి ఇంకా మిగిలుంటే బెల్లంతో కలిపి పెట్టింది. మాకు బతుకమ్మ లేదంటే ఆవిడ నమ్మలేదు. మరి పూలన్నీ ఏం చేస్తరు అని అడిగింది. సాయంత్రం ఊరంతా జమ్మి ఆకు చేతిలో పెట్టి, పెద్దవాళ్లయితే కాళ్లకి మొక్కి, సమానులైతే గుండెలకి హత్తుకున్నారు. మావైపు జమ్మి చెట్టుకి పూజ చేసి ఇంటికొచ్చేస్తాం గాని, ఇలా ఊళ్లో ప్రతి మనిషినీ పట్టుకోం. నన్నూ ఎందరో ఆడవాళ్లు హత్తుకున్నారు, పేరు కూడా అడక్కుండా.

సాయమ్మ సత్యం చేతిలో జమ్మి పెట్టి, అక్కడే నిలబడింది.

"సారూ, ఒక్క మాట. మొన్న ఆ పక్క ఫ్యాక్టరీల ఒకాయిన గిట్లనే దిగిండు. బయటికి తీసేటాళ్లకు పానం లేదు. ఈయనకు చెప్తే నవ్వుతడు. రాత్రిళ్లు నాకు నిద్ర వస్తలేదు. మీరు కొలిచి మంచిగుంటదని రాస్తెనే గద అండ్ల పోసేది?"

"అవునమ్మా."

"మరి ఇప్పుడు పోసింది?"

"సోడా పారే పొడమ్మా. నేనే కొలిచాను. మల్లన్న దిగే పనే రాదు" అన్నాడు సత్యం.

"ఏం ఫికర్ జెయ్యకు, సారు చెప్పిండు గద" అన్నాడు మల్లయ్య. సాయమ్మ మొహం తేలికపడింది. నాకు తమ్ముడి మీద గర్వం పొంగింది. మా వీధి ఆవిడ పక్కన ఉంటే బాగుండనిపించింది.

సంగారెడ్డి

మర్నాడు ఆదివారం. ఫ్యాక్టరీకి సెలవే. సత్యం నన్ను సంగారెడ్డి తీసుకెళ్లాడు. ఊరు చూడమంటే నేను అంగడిలో కూర్చుండిపోయాను. జొన్నల రాశులు, మొక్కజొన్నల రాశులు, పిండి కుప్పలు. ఎన్నడూ లేనిది, ప్రతి కుప్ప వాలూ చూస్తున్నాను. జొన్నలు పల్చగా పరుచుకున్నాయి, జొన్నపిండి నిటారుగా నిలబడింది. "ఇది ఆగేదేనా?" అని తమ్ముడిని అడిగితే తలూపాడు. పరీక్షలో పాసైనంత సంబరం.

పెసలు కొనబోయాను. అమ్మే ఆవిడ శేరు మీద గోపురంలా పోసి ఇచ్చింది. మావైపు అంచుకి సమంగా చేత్తో కొట్టేస్తారు. ఇదేదో లాభంగానే ఉందనుకుని, కొత్తగా నేర్చిన విద్య చూపిద్దామని శేరుని నేలకేసి రెండుసార్లు తట్టాను. గోపురం కిందికి దిగింది.

"తట్టకక్కా. తడితే ఇంకింత పడ్తది. గట్ల కొలిస్తె నేను ఇల్లమ్ముకోవాలె" అని శేరు లాక్కుంది ఆవిడ. సత్యం పక్కకి తిరిగి నవ్వాడు. పెసలు మాత్రం బాగున్నాయి.

మళ్లీ ఫ్యాక్టరీ

సోమవారం పొద్దున సత్యం భోజనం డబ్బా మరిచిపోయి వెళ్లాడు. అన్నం తీసుకుని నేనే బయలుదేరాను. గేటు దగ్గర సాయమ్మ కూడా గిన్నె మూటతో నిలబడి ఉంది. పూజనాడు చూసినవాళ్లమే కదా అని గేటాయన వదిలాడు. షెడ్డులో యంత్రం చప్పుడు లేదు. నలుగురు కొయ్య సుత్తులతో హాపర్‌ని బాదుతున్నారు. కింద తలుపు బార్లా తీసి ఉంది. అందులోంచి గుప్పెడు సోడా రాలి ఆగిపోయింది. హాపర్ మెడలో బంతిపూలు వాడి వేలాడుతున్నాయి.

మేనేజరు గారు గడియారం చూసుకుంటున్నారు. చెడ్డ మనిషి కాదు, పూజనాడు నాకు కుర్చీ వేయించిన మనిషే. బయట రెండు లారీలు సరుకు కోసం కాచుకుని ఉన్నాయి.

"ఏదో చిన్న గడ్డ అడ్డం పడి ఉంటుంది. సోడా ఫ్రీగా పారుతుందని నువ్వే కదా రాశావ్ సత్యం? మల్లయ్యా, దిగు. ఒక్క పోటు పొడిస్తే అదే వస్తుంది" అన్నారు.

మల్లయ్య అప్పటికే తాడు నడుముకి చుట్టుకుంటున్నాడు. నా పక్కనున్న సాయమ్మ గిన్నె మూట కింద పెట్టేసింది.

సత్యం హాపర్‌కి చెవి ఆనించి, వేలి కణుపుతో పైనుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. పైన మందంగా, కింద డొల్లగా మోగింది. వాడి మొహం నల్లబడింది.

"ఇది ఎప్పుడు నింపారు?"

"పూజనాడు పొద్దుగాల. నీ ముందట్నే గద సారూ" అన్నాడు మల్లయ్య.

సత్యం హాపర్ మీంచి చెయ్యి తీశాడు. నాకు వాడు మూడో తరగతిలో లెక్క తప్పు చేసినప్పటి మొహం కనపడింది. తర్వాత మేనేజరు గారి వైపు తిరిగాడు.

"నేను కొలిచింది కదిలే సోడాని సార్. కూర్చున్న సోడాని కొలవలేదు. ఇన్నాళ్లు అంత బరువు మీద పడి, ఈ తేమలో ఇది బిగిసిపోయింది. ఇది గడ్డ కాదు, మొత్తం కమాను. మల్లన్న దిగకూడదు."

"సారూ, నేను దిగుతా. గియ్యాల కొత్తనా నాకు? జెర తాడు గట్టిగ పట్టుండ్రి, జల్దీ అయిపోతది" అన్నాడు మల్లయ్య. అతని పరువు అతనిది.

"నీ రిపోర్టు మీద నీ సంతకం ఉంది సత్యం. ఈ నెల నీ కాగితాలు నా బల్ల మీదున్నాయి. రిపోర్టు తప్పంటావా?" అన్నారు మేనేజరు గారు. బెదిరించడానికి అన్నట్టు లేదు. నిజంగానే అడుగుతున్నారు.

సత్యం తన గదికి వెళ్లాడు. జారుకున్నాడేమోనని నాకు అరక్షణం భయం వేసింది. వాడు గోడమీది నల్లబల్లని ఊడబీకి, చంకన పెట్టుకుని వచ్చాడు. అందరి ముందూ దాన్ని నేలమీద నిలబెట్టి, 'పారేది' కింద ఉన్న సోడా అన్న మాటని అరచేత్తో తుడిచేశాడు. 'ఆగేది' కింద రాశాడు.

"తప్పే సార్. ఇప్పుడు దిద్దాను. ఆగే పొడిలోకి మనిషిని దించమని నేను రాయలేను."

మేనేజరు గారు బల్లని చూశారు, లారీల వైపు చూశారు, పైన వాడిపోయిన దండ వైపు చూశారు. చివరికి, "తాడు విప్పెయ్ మల్లయ్యా. పైనుంచే కానివ్వండి" అన్నారు, విసుగ్గా.

పొడుగాటి వెదురు గడలు తెచ్చి, అంచు బయట నిలబడే పొడవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాటింది. లారీలు ఖాళీగానే వెళ్లిపోయాయి. మేనేజరు గారు భోజనానికి కూడా వెళ్లలేదు. నేనూ సాయమ్మా షెడ్డు గుమ్మంలో కూర్చుని, తెచ్చిన అన్నం అలాగే పెట్టుకుని చూస్తున్నాం. మల్లయ్య గడ పట్టుకుని సణుగుతున్నాడు. దిగితే ఎప్పుడో అయిపోయేదట.

అప్పుడు చప్పుడైంది. ఉరుము కాదు, అంతకన్నా లోతైనది. ముందు పాదాల్లో తెలిసింది, తర్వాత చెవుల్లో. హాపర్ ఇనుము మొత్తం ఒక్కసారి మూలిగింది. పైన కనిపిస్తున్న తెల్లటి నేల నేలగానే కిందికి వెళ్లిపోయింది. మల్లయ్య చేతిలో గడ కూడా దానితో పోయింది. పట్టుకుని ఉంటే అతనూ పోయేవాడు, వదిలేశాడు. షెడ్డంతా తెల్లటి మబ్బు కమ్మింది. పక్కనున్న సాయమ్మ కనపడలేదు, చేయి మాత్రం నా చేతిలో ఉంది.

మబ్బు తేరుకున్నాక కింద తలుపులోంచి సోడా ధారగా, నీళ్లలా, ఆగకుండా పారుతోంది. ఎంత అందంగా పారిందో చెప్పలేను. నాకు ఏడుపొచ్చింది. వెదురు గడ నలిగి, చీలికలై, దానితో పాటే బయటికొచ్చింది. మల్లయ్య మెట్లు దిగి వచ్చి, ఆ చీలికలు చేతిలోకి తీసుకుని, వాటి వంక చూస్తూ నేలమీద కూర్చుండిపోయాడు. సాయమ్మ అతని ముందు గిన్నె మూట విప్పి, రొట్టె తుంచి చేతిలో పెట్టింది. అతను తిన్నాడు.

తిరుగు ప్రయాణం

మర్నాడు ఫ్యాక్టరీలో సత్యం గదికి వెళ్తే, కిటికీలో డబ్బాల వరస కనిపించింది. ఒక్కో దాంట్లో సోడా, సోడా మీద బిళ్ల, బిళ్ల మీద రాయి. ఒకటి రేపు విప్పుతాడట, ఒకటి ఎల్లుండి, ఒకటి వారానికి. అలా కూర్చోబెట్టి చూడడం ఈ ఫ్యాక్టరీలో ఇదివరకు ఎవరూ చేయలేదట. మేనేజరు గారు వచ్చి ఆ రాళ్లని ఎత్తి చూసి, దించి వెళ్లిపోయారు. సాయంత్రం కబురొచ్చింది. పర్మనెంటు ఇప్పుడు కాదు, ఇంకో ఆరు నెలలు చూస్తారు.

నాకు కోపం ఆగలేదు. దారిపొడుగునా తిడుతూనే ఉన్నాను. మేనేజరుని, లారీలని, చివరికి నేను పెట్టిన పసుపు కుంకాన్ని కూడా. వాడు నా సంచీ మోస్తూ బస్టాండు దాకా వచ్చాడు. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అమ్మకేం చెప్పమంటావురా? ఉద్యోగం ఏమైందని అడిగితే?"

వాడు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"మల్లన్న ఇవాళ డ్యూటీకి వచ్చాడని చెప్పక్కా" అన్నాడు.